ప్రతి ఫోటోలోనూ ఒక మేక

ఆ రోజుల్లో గల్ఫ్‌కు పోయినవాడు అక్కడ ఏం పని చేస్తున్నాడో తేల్చే అధికారం వాడికి ఉండేది కాదు. ఊళ్లో వాడి ఉత్తరం చదివి వినిపించేవాడికి ఉండేది. మనం ఎడారి ఎండలో మోకాళ్ల మీద కూర్చుని టైల్స్ పరుస్తుంటే, ఊళ్లో చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నవాడు మనల్ని డ్రైవర్ని చేయగలడు, వంటవాణ్ని చేయగలడు, ఆ పూట మనసు బాగా లేకపోతే జైల్లో కూడా వేయించగలడు. ఉత్తరం వెళ్లడానికి పదిహేను రోజులు, జవాబు రావడానికి పదిహేను రోజులు. ఈ నెల రోజుల్లో ఒక అబద్ధం ఊరంతా తిరిగి, ఇంటింటా మంచినీళ్లు తాగి, మనం కాదని రాసే వేళకు పెళ్లీడుకొచ్చి కూర్చునేది. ఫోన్ చేసి తిడదామన్నా వీలు లేదు. ఊరికున్న ఒక్క ఫోను పోస్టాఫీసులో ఉండేది, ఆ పోస్టాఫీసు మా బావ ఇంటి అరుగు మీద ఉండేది.

నన్ను మా బావ మేకల కాపరిని చేశాడు.

ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా పెన్ను కాగితాన్ని చింపుతుంది (పెన్ను పాతదైందంటుంది మా ఇంటావిడ, నేను ఒప్పుకోను). నాకు జరిగిన అవమానాలు నేను మర్చిపోను. మూడో తరగతిలో నా పలక మీద కూర్చుని విరగ్గొట్టినవాడు ఆ రోజు వేసుకున్న నిక్కరు రంగు చెప్పమంటే ఇప్పుడు చెబుతాను. మా బావ విషయంలోనైతే నా దగ్గర మొదటి రోజు నుంచీ లెక్క ఉంది. మా అక్క పెళ్లి రోజు, మగపెళ్లివారి విడిదికి నేను నీళ్ల బిందె మోసుకెళ్తుంటే, అప్పటికి నాకు బావ అయి మూడు గంటలు కూడా కాని ఆ మనిషి పదిమందిలో కూర్చుని, "ఈ పిలగాడు బిందెను మోస్తుండా, బిందె ఈ పిలగాన్ని మోస్తుందా?" అన్నాడు. విడిది విడిదంతా నవ్వింది. తర్వాత నేను పదో తరగతి పాసైతే, "మావోడు పాసయ్యిండా? నంబరు సరిగ్గ చూసిండ్రా?" అన్నాడు. బావా బామ్మర్దుల మధ్య వేళాకోళం ఉంటుంది, కాదనను. కానీ వేళాకోళం ఆడే హక్కు ఇద్దరికీ సమానంగా ఉండాలి కదా. నాకు తగిన జవాబు ఎప్పుడూ మరుసటి రోజు స్నానం చేస్తుంటే తట్టేది.

నేను పనిచేసిన ఊరు ఇబ్రి. మా ఊళ్లో ఒమన్ దేశం మొత్తాన్నీ మస్కట్ అనేవారు కాబట్టి నేను మస్కట్ పోయినట్టే లెక్క. కానీ ఇబ్రి మస్కట్ నుంచి లోపలికి కొన్ని గంటల ప్రయాణం. ఒక పక్క గుట్టలు, ఒక పక్క ఇసుక, నడుమ ఖర్జూర తోటలు, తోటల్లోకి సన్నగా పారే ఫలజ్ కాలువ. అది అసలుసిసలు అంగడి పట్నం. చుట్టుపక్కల ఎడారి నుంచి, పల్లెల నుంచి జనం పికప్ బండ్లలో దిగి, అమ్మేది అమ్మి, కొనేది కొని, గోడ నీడన వరసగా కూర్చుని చిన్న చిన్న కప్పుల్లో కాఫీ తాగి వెళ్లిపోయేవారు. వీధులకు పేర్లు, ఇళ్లకు నంబర్లు ఉండేవి కావు. ఎవరికి దారి చెప్పాలన్నా మూడే గుర్తులు: పాత మట్టికోట, దాని పక్కన కప్పు వేసిన పాత బజారు, రోడ్లు కలిసేచోట కట్టిన ఎత్తైన కాఫీ కూజా. ఆ కూజాను మేం తెలుగువాళ్లం చెంబు అనేవాళ్లం. "చెంబు కాడ దిగి కోట దిక్కు నడువు" అంటే మా రూముకు చేరినట్టే. పాత బజారులో ఉదయం పూట రాగి గంగాళంలో హల్వా కలుపుతుంటే ఆ నెయ్యి వాసన కోట గోడల దాకా వచ్చేది. డ్యూటీకి పోతూ ఆ వాసన పీల్చుకోవడం మాకు సగం ఫలహారం.

మా రూముకు గోడ అవతలే మేకల సంత. శుక్రవారం తెల్లవారగానే మొదలయ్యేది. అది మన అంగళ్లలా ఉండదు. కొనేవాళ్లు రెండు వరసలుగా గుండ్రంగా నిలబడతారు. అమ్మేవాళ్లు మేకల్ని తాళ్లతో పట్టుకుని ఆ వరసల మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంటారు, ధర అరుస్తూ. నచ్చినవాడు చెయ్యి చాపి ఆపుతాడు, మేక నడుము నొక్కి చూస్తాడు, పళ్లు చూస్తాడు, వద్దని వదిలేస్తాడు. మళ్లీ తిరుగుడు. ముఖానికి బురఖా, ఒంటిమీద పొద్దుతిరుగుడు పువ్వంత పచ్చటి బట్టలతో ఆడవాళ్లు కూడా మేకల్ని తిప్పేవారు. బేరంలో వాళ్లముందు మగవాళ్లు నిలిచేవారు కాదు. నేను వెళ్లిన కొత్తలో ఇవన్నీ ఉత్తరంలో రాద్దామనుకున్నాను. కానీ కాగితం చిన్నది. అందుకని ఒక్క ముక్క రాశాను: "ఇక్కడ పొద్దున్నే మేకల అరుపులతోనే లేస్తున్నాను."

ఆ ఒక్క ముక్కే నా కొంప ముంచింది. మా అక్కకు చదువు రాదు. బావ చదివాడు. అక్కకు ఒకసారి చదివి, తర్వాత కాగితం లేకుండా హోటల్లో చదివాడు. నెల తిరిగేసరికి జవాబు వచ్చింది. "బామ్మర్దికి ఆశీర్వాదాలు. ఇక్కడ మేం అందరం క్షేమం. అక్కడ నువ్వు, నీ మేకలు క్షేమమని తలుస్తం. పిల్లల మేకలను ఎండల తిప్పకు."

నేను డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా కూర్చుని నాలుగు పేజీల ఖండన రాశాను. నేను కంపెనీలో టైల్ మేస్త్రీననీ, మేకల సంత గోడ అవతల ఉంటుందనీ, నేను గోడ ఇవతల ఉంటాననీ, ఆ గోడ ఎత్తెంతో కూడా రాశాను. దానికి బావ జవాబు ఇప్పటికీ నాకు కంఠస్థం. "మేకలతోని సంబంధం లేనోడు మేకల గురించి నాలుగు పేజీలు రాస్తడా బామ్మర్దీ? నేను ఎవ్వరికీ చెప్పలేదులే." (ఎవరికీ చెప్పనక్కర్లేదు. అప్పటికే అందరికీ తెలుసు.)

ఇదంతా వేళాకోళంగానే పోయేది. కానీ ఆ వేసవిలో నాకొక సంబంధం వచ్చింది. పక్క మండలంలోని ఊరు. పిల్ల తండ్రి బీడీ కార్ఖానాలో గుమాస్తా. అక్క వెళ్లి చూసొచ్చి, "పిల్ల మాట మంచిగుంది, నడక మంచిగుంది, నీకంటె ఒక ఇంచు పొట్టిగుంది, ఇంకేం కావాలె" అని రాయించింది. గల్ఫ్‌కు పోకముందు నేను ఆ పిల్లను ఒక పెళ్లిలో చూశాను. వడ్డిస్తున్నప్పుడు నా విస్తట్లో పప్పు వేసి, అన్నం లేదని గమనించి, నవ్వాపుకుంటూ వెనక్కి వెళ్లి అన్నం తెచ్చింది. నన్ను చూసి ఎవరైనా నవ్వితే జీవితాంతం గుర్తు పెట్టుకునే నేను, ఆ నవ్వును ఎందుకో అవమానాల జాబితాలో రాసుకోలేదు. అప్పటి నుంచీ రూములో పప్పు వండినప్పుడల్లా అది గుర్తొచ్చేది. మా మెస్సులో రోజూ పప్పే.

అంతా కుదిరిందనుకునే లోపల బావ దగ్గర నుంచి ఇంకో ఉత్తరం. ఈసారి వేళాకోళం లేదు, దాంతోనే నాకు భయం వేసింది. పిల్ల తండ్రి చెవిలో కూడా ఆ మాట పడిందట. ఆయన, "మేకలు కాసేటోన్ని ఎడారిల ఇడిసి పెడతరు. వానికి శుక్రారం ఉండది, సెలవు ఉండది, ఉత్తరం ఉండది. నా బిడ్డ ఎన్నేండ్లు దారి చూడాలె?" అన్నాడట. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అలా ఎడారిలో చిక్కుకున్నవాళ్లు నిజంగానే ఉండేవారు. చివరికి ఒక షరతు పెట్టాడు. "పని చేసే ఊరు కనవడేటట్టు ఫోటోలు పంపుమను. దసరా దాటితే మేం ఇంకోకాడ చూసుకుంటం." కింద బావ సొంతంగా ఒక ముక్క రాశాడు. "నేను ఉత్తగనే అన్న బామ్మర్దీ. ఇంత దూరం పోతదనుకోలే. మంచి ఫోటోలు పంపు. నేనే పట్టుకపోయి మాట్లాడుత." నన్ను ముంచినవాడే నన్ను గట్టెక్కించడానికి బయల్దేరాడన్నమాట. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పప్పే మరి.

మా రూములో కెమెరా ఉన్నది ఒక్కరికే. ఆయన గోదావరి జిల్లా మనిషి, కంపెనీ బస్సు డ్రైవరు. అందరం కెమెరా బాబాయి అనేవాళ్లం. ఆ కెమెరాను బనీనులో చుట్టి, బనీనును టవల్లో చుట్టి, పెట్టెలో అడుగున పెట్టుకునేవాడు. ఒక రీలు వేస్తే ముప్పై ఆరు ఫోటోలూ అయ్యేదాకా ఆర్నెల్లు వాడేవాడు. నా సంగతంతా విని, పెద్ద నిట్టూర్పు విడిచి, "ఆడపిల్ల తండ్రి కదయ్యా, ఆ మాత్రం అడుగుతాడు మరి. రీల్లో మూడున్నాయి. మూడూ నీకే. శుక్రవారం తెల్లారగట్లే తెమిలి ఉండు. వెలుతురు బావుంటది" అన్నాడు. ఆ తెల్లవారడమే సంత వేళ అని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఒక్క సెలవు రోజు శుక్రవారం, మేకల రోజూ శుక్రవారమే. నా ఖర్మ ఆ దేశపు క్యాలెండర్లోనే రాసి పెట్టి ఉంది.

ఆ శుక్రవారం నేను ముస్తాబైన తీరు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, పక్క రూమతని బూట్లు (ఒక సైజు పెద్దవి, ముందు గుడ్డ కుక్కాను), ఇంకో రూమతని నల్ల కళ్లద్దాలు. జేబులో కనిపించేలా రెండు పెన్నులు. టైల్ మేస్త్రీకి రెండు పెన్నులెందుకని మీరు అడగవచ్చు. పిల్ల తండ్రి గుమాస్తా కదా, పెన్నులంటే గౌరవం ఉంటుందని నా ఆలోచన.

మొదటి ఫోటో కోట గుమ్మం ముందు. రెండో ఫోటో చెంబు దగ్గర. "ఒక చెయ్యి నడుం మీద ఎట్టు. ఆఁ, ఇప్పుడు ఎటో దూరంగా చూడు. అంత దూరం వద్దులే, కెమెరాలోకి చూడు" అంటూ కెమెరా బాబాయి నన్ను కొలువు తీర్చాడు. మూడోది పాత బజారులో, హల్వా దుకాణం ముందు. దుకాణదారు ముచ్చటపడి నా చేతిలో ఒక హల్వా పొట్లం పెట్టాడు. ఈ మూడు చోట్లా నా వెనక ఏం జరుగుతోందో నాకు తెలియదు. నాకు వెనక కళ్లు లేవు. కెమెరా బాబాయికి ముందు కళ్లున్నాయి గానీ ఆయన చిన్న అద్దంలో నన్ను మాత్రమే చూస్తున్నాడు. "పెళ్లికొడుకులా ఉన్నావయ్యా బాబూ" అన్నాడు. నేను నమ్మాను.

తిరిగి రూముకు పోవాలంటే సంత దాటాలి. జనం మధ్య నుంచి ఒదిగి ఒదిగి నడుస్తున్నాను, బూట్లకు పేడ అంటకుండా. ఇంతలో నడుముకు బాకు, చేతిలో సన్నటి కర్ర ఉన్న ఒక ముసలాయన, బలిసిన నల్ల మేకపోతును లాక్కొస్తూ నా ముందు ఆగాడు. ఎవరో అవతలి నుంచి ఆయన్ని కేక వేశారు. ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, "సదీక్, షుయ్య షుయ్య" అని తాడు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. సదీక్ అంటే నేస్తమని. అక్కడ వాళ్లు మమ్మల్నందరినీ అలాగే పిలిచేవారు. కాస్త పట్టుకో నేస్తం అన్నాడన్నమాట. పెద్దమనిషి, నేస్తమన్నాడు. ఎలా కాదంటాం?

తాడు చేతులు మారిందని ఆ మేకకు వెంటనే తెలిసిపోయింది. ఒకసారి నా చొక్కా అంచుకు మూతి ఆనించి, తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో మా బావ కనిపించాడు. సరిగ్గా అప్పుడే ఒకాయన పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని మా పక్క నుంచి వెళ్లాడు. అంతే. మేక కదిలింది. నేనూ కదిలాను. తాడు జారుతుంటే వంగి దాని చెవి పట్టుకున్నాను. చెవి విదిలించుకుంటే చేతికి దొరికింది తోక. దాన్ని పట్టుకున్నాను. పెద్ద బూట్లు ఇసుకలో జర్రున జారుతున్నాయి, కళ్లద్దాలు ముక్కు మీదికి దిగాయి, ఒక పెన్ను పోయింది. వరసల్లో నిలబడ్డవాళ్లందరూ బేరాలు ఆపి చప్పట్లు కొడుతున్నారు. బురఖా వేసుకున్న ఒకావిడ కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"పట్టుకో! వదలకు! తోక కాదయ్యా, తాడు, తాడు!" అని అరుస్తున్నాడు కెమెరా బాబాయి. అరుస్తూనే క్లిక్ మనిపించాడు. ముప్పై ఆరు అయిపోయినా ఆ రీల్లో ఒకటి మిగిలి ఉందట. అదృష్టముంటే ముప్పై ఏడోది వస్తుందట. ఆయనకు ఉన్న అదృష్టం నా మీద పడింది.

ముసలాయన పరుగెత్తుకుంటూ వచ్చి, ఒక్క చిటిక వేసి మేకను ఆపాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి జనానికేదో చెప్పాడు. అందరూ మళ్లీ నవ్వారు. పక్కన ఉన్న ఒక పఠాను మాకు హిందీలో చెప్పాడు: "అంటున్నాడు, చూశారా నా మేక బలం! నిండు మనిషిని ఈడ్చుకెళ్లింది." ఆ తర్వాత రెండు నిమిషాల్లో మేక అమ్ముడుపోయింది. ముసలాయన మమ్మల్ని వదల్లేదు. గోడ నీడన కూర్చోబెట్టి, ఖర్జూరాలు పెట్టి, కప్పు ఊపేదాకా కాఫీ పోస్తూనే ఉన్నాడు. (చాలు అంటే కప్పు ఊపాలని నాకు తెలియదు. ఏడు కప్పులు తాగాను.) చొక్కా కింది గుండీ ఒకటి లేదని రూముకు వెళ్లాక చూసుకున్నాను.

పది రోజులకు స్టూడియో నుంచి ఫోటోలు వచ్చాయి. కెమెరా బాబాయి కవరు విప్పి, ఒక్కొక్కటే చూసి నా చేతికిచ్చాడు. కోట గుమ్మం ఫోటోలో నేను ఛాతీ విరిచి నిలబడ్డాను. నా భుజం వెనక అరుగెక్కిన ఒక తెల్ల మేక, నాతోపాటే కెమెరాలోకి చూస్తోంది. చెంబు దగ్గర ఫోటోలో నా వెనకే ఒక పికప్ బండి, బండి నిండా మేకలు, నేను ఆ బండి దిగి ఇప్పుడే నిలబడ్డట్టున్నాను. బజారు ఫోటోలో ఎక్కడి నుంచి తప్పించుకొచ్చిందో ఒక పిల్ల మేక, నా కాళ్ల దగ్గర నిలబడి హల్వా పొట్లం వైపు ఆశగా చూస్తోంది. పెంచుకున్నవాడి వైపు చూసినట్టే ఉంది ఆ చూపు. నాలుగో దాని గురించి చెప్పక్కర్లేదు.

"ఇయ్యి పంపితే నా పెండ్లి అయినట్టే బాబాయ్" అన్నాను.

"నిజమేనయ్యా. ఏం చేద్దాం మరి, స్టూడియోకెళ్లి దిగు. అక్కడికి మేకలు రావు కదా" అన్నాడాయన.

వెళ్లాను. స్టూడియో వెనక తెర మీద పెద్ద జలపాతం, చుట్టూ పచ్చటి కొండలు. దాని ముందు స్టూలు మీద కూర్చుని దిగాను. మేక లేదు. తెర వెనక కూడా చూసి మరీ కూర్చున్నాను. ఆ ఒక్క ఫోటో, ఒక ఉత్తరం కవర్లో పెట్టాను. మేకల ఫోటోలు నాలుగూ దిండు గలీబులో దాచాను. కెమెరా బాబాయి అప్పుడే సెలవు మీద ఇంటికి పోతున్నాడు. ఎవరు సెలవు మీద పోయినా మా ఉత్తరాలన్నీ వాళ్ల చేతికే ఇచ్చేవాళ్లం, అక్కడ దిగగానే పోస్టు చేస్తే త్వరగా చేరుతుందని. కవరు అంటించకుండానే ఆయన పెట్టె మీద పెట్టి, నేను డ్యూటీకి వెళ్లిపోయాను.

సాయంత్రం వచ్చి పడుకుంటే దిండు తేలిగ్గా అనిపించింది. చెయ్యి పెట్టి చూశాను. గలీబు ఖాళీ. మంచం మీద ఒక చీటీ ఉంది. "అబ్బాయీ, ఫోటోలు దిండులోనే మర్చిపోయావు. నీ మతిమరుపు మండిపోను. నాలుగూ కవర్లో పెట్టి అంటించేశాను. శుభం జరుగుతుంది."

మతిమరుపు! నాకు! నా జీవితంలో ఎవరూ అనని మాట అది. కానీ బాధపడే తీరిక లేదు. బాబాయి ఎక్కిన బండి ఎప్పుడో మస్కట్ చేరి ఉంటుంది.

ఆ తర్వాత నెలన్నర నేను టైల్స్ ఎలా పరిచానో నాకు తెలియదు. ఒక స్నానాలగదిలో వరస వంకర పోతే ఫోర్‌మన్ అంతా ఊడదీయించి మళ్లీ వేయించాడు. శుక్రవారం గోడ అవతల మేక అరిస్తే నేను దుప్పటి ముసుగు తన్నేవాణ్ని. పిల్ల తండ్రి ఆ నాలుగు ఫోటోలను వరసగా పేర్చుకుని చూస్తున్నట్టు, ఆయన వెనక తలుపు పక్కన నిలబడి ఆ పిల్ల కూడా చూస్తున్నట్టు, ఈసారి నవ్వనట్టు కనిపించేది. నవ్వితే భరించగలను గానీ, నవ్వకపోవడం భరించలేననిపించింది. నాకు అలా అనిపించడం అదే మొదలు.

దసరాకు వారం ముందు ఉత్తరం వచ్చింది. అప్పటికి కెమెరా బాబాయి సెలవు నుంచి తిరిగొచ్చి, నా ఎదురుగా ఊరి నుంచి తెచ్చిన పూతరేకులు నములుతున్నాడు (నేను ఆయనతో రెండు రోజులుగా మాట్లాడటం లేదు, పూతరేకులు మాత్రం తిన్నాను). ఉత్తరం విప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆయనే లాక్కుని పైకి చదివాడు. మా బావ తెలంగాణ మాటల్ని ఆయన గోదావరి గొంతుతో చదువుతుంటే ఇంకెవరి కథో వింటున్నట్టుంది.

"బామ్మర్దీ, ఫోటోలు పట్టుకొని పోయిన. ముందుగాల నీ జలపాతం ఫోటో చూపిచ్చిన. పిల్ల నాయిన చూసి, ఎడారిల ఇన్ని నీళ్లుంటే వరి ఎందుకు ఏస్తలేరు అన్నడు. ఇది మన మండలంల దిగిన ఫోటో, పిలగాడు అసలు దేశమే దాటలేదా ఏంది అన్నడు. నాకు చెమటలు వట్టినయి. సరే అని కోట ఫోటో తీసిన. మేక. చెంబు ఫోటో తీసిన. మేకలు. బజారు ఫోటో తీసిన. మళ్ల మేక. ఆయన ఫోటోలు పక్కకు వెట్టి, ఇగ చాయ్ తాగి పోతరా అన్నడు."

కెమెరా బాబాయి ఇక్కడ ఆగి నా వైపు చూశాడు. ఆయన నోట్లో పూతరేకు అలాగే ఉంది.

"చదువు బాబాయ్."

"అంతల పిల్ల తాత వచ్చిండు. పడుచుతనంల ఊరూరి అంగడి తిరిగి మేకల బేరం చేసిన మనిషట. నాకూ చూపియ్యిండ్రి అని ఆఖరు ఫోటో గుంజుకున్నడు. అద్దాలు వెట్టుకొని చూసిండు, ఎండకు పోయి చూసిండు, నవ్వవట్టిండు. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లు తెచ్చుకొని, ఎవడ్రా ఈ పిలగాన్ని మేకల కాపరన్నది అన్నడు. వీడు మేకను తోక వట్టి ఆపుతుండు! తోక వట్టుకుంటె మేక ఆగుతదా, ఇంక ఉరుకుతది. మేకలు కాసేటోడు తాడు ఇడిసి తోక వడతడా? బూట్లు ఏసుకుంటడా? ఈ పిలగాడు పుట్టినకాడికెంచి మేకను ముట్టలేదు, నేను కాయితం మీద రాసిస్త. ఆ సుట్టూ నిలవడ్డోళ్లను చూడు, అది అంగడి. పిలగాడు అంగడికి పోయిండు, ఆగం అయ్యిండు, అంతే అన్నడు. పిల్ల నాయిన ఫోటో మళ్ల చూసి ఆయన గూడ నవ్విండు. సంబంధం ఖాయం. నీకు మేకలు కాయరాదని పెద్దమనుషులల్ల రుజువైంది. ఇగ నీకు ఏం వచ్చో మేం చూడాలె. ఇట్లు, నీ బావ."

రూమంతా ఎగిరి గంతేసింది. నన్ను ఎత్తి మంచం మీద కుదేశారు. నేను మాత్రం లేచి కాగితం, పెన్ను తీశాను.

"ఏం రాస్తున్నావయ్యా?" అన్నాడు బాబాయి.

"పుట్టినకాడికెంచి ముట్టలేదంటడా? చిన్నప్పుడు మా మేనత్త ఇంట్ల రెండు నెలలు మేకను మేపిన. నన్ను అంత చేతగానోన్ని చేస్తడా?"

కెమెరా బాబాయి నా చేతిలోంచి పెన్ను లాగేసుకున్నాడు. "ఊరుకోవయ్యా బాబూ, నీకు దణ్ణం పెడతాను! ఇప్పుడు మేకలు బాగా మేపొచ్చని రాశావంటే పెళ్లి ఆగిపోద్ది!"

జీవితంలో నేను రాయకుండా వదిలేసిన ఖండన అదొక్కటే. పెళ్లి ఆ మాఘంలో జరిగింది. తాత నన్ను చూడగానే కావాలని చెయ్యి తోకలా వెనక్కి చాపి, "తోక వట్టుకుంటవా అల్లుడా?" అన్నాడు. పందిరంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వింది మా బావ. ఎన్ని సెకన్లు నవ్వాడో నాకు తెలుసు.

ఇదంతా జరిగి ముప్పై ఏళ్లు దాటింది. బావ ఇప్పటికీ పండక్కి వస్తే గుమ్మంలోనే, "మేకలు క్షేమమేనా?" అంటాడు. కాదని అనడానికి నేను ముందు రోజు నుంచే ఒక మంచి జవాబు సిద్ధం చేసుకుని ఉంటాను. తీరా ఆయన వంగి చెప్పులు విప్పుకోవడానికి గోడ పట్టుకుంటుంటే చెయ్యి అందిస్తాను.

మొన్న పాత పెట్టె సర్దుతుంటే ఆ నాలుగో ఫోటో దొరికింది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. నాకు జరిగిన అన్యాయానికి సాక్ష్యంగా మా ఇంటావిడకు చూపించాను. ఆ రోజు నాకెంత కోపం వచ్చిందో, ఎంత తల కొట్టేసినట్టయిందో మళ్లీ మొదటి నుంచీ చెప్పాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని, ఒకప్పుడు వాళ్ల తాత చూసినట్టే వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది.

"కోపమంటవు, పండ్లన్నీ బయటనే ఉన్నయి గదా" అంది. "నేను అప్పుడు తలుపు సాటు నుంచి చూసింది గదే. మేక గుంజుతుంటె కూడ ఇట్ల నవ్వేటోనితోని బతుకచ్చు అనుకున్న. ఇంటికొచ్చినంక తెలిసింది నీ కోపాల ముచ్చట్లన్నీ."

లాక్కుని చూశాను. నిజమే. కోట మసకగా వెనక ఉంది. జనం చప్పట్లు కొడుతున్నారు. నడుమ ఒక సన్నటి కుర్రవాడు, పెద్ద బూట్లతో, ముక్కు మీదికి జారిన అద్దాలతో, ఒక మేక తోక పట్టుకుని ఎటో కొట్టుకుపోతూ, నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. బావ గుర్తు లేడు వాడికి, విరిగిన పలక గుర్తు లేదు. ఆ ఒక్క క్షణం వాడికి ఎవరి మీదా ఏమీ లేదు. వాడెవడో నాకు బాగా నచ్చాడు. ఇంకాస్త ఎక్కువ కాలం వాడితో కలిసి ఉండి ఉండాల్సింది అనిపించింది.

ఫోటోకు ఫ్రేము కట్టించాను. ముందుగదిలో గోడకు తగిలించాను, పండక్కి వచ్చే బావకు గుమ్మంలోంచే కనిపించేలా. కానీ దగ్గరగా వెళ్లి చూస్తే ఇంకొకటి కూడా కనిపిస్తుంది: నా చొక్కా కింది గుండీ అప్పటికే లేదు. ఆ మేకే తినేసింది. అది మాత్రం నేను మర్చిపోను.